కంగారు అమ్మకాలు

ఫిబ్రవరి 9

అక్క మళ్ళీ ఒక ఇల్లు చూసింది. ఇది మూడోది. మొదటిదానికి గోడలో చెమ్మ ఉందన్నాను. రెండోదానికి దారి తగాదా ఉందన్నాను. రెండుసార్లూ నేనన్నదే నిజమైంది, రెండుసార్లూ నేనే చెడ్డదాన్నయ్యాను. అందుకే పొద్దున ఫోన్ ఎత్తగానే హెచ్చరిక. "ఒసేయ్, ఈసారి కూడా మూతి విరిచావనుకో, ఇక జన్మలో నిన్ను పిలవను. నీకు ఇల్లుంది. నాకు ఉండకూడదా?"

ఒళ్ళు మండిపోయింది. నా ఇల్లు ఏమన్నా మేడా మిద్దా? రెండు గదులు, ఒక వరండా, పైన కారే ట్యాంకు. అయినా నాది. అక్కకి పెళ్ళయిన దగ్గర్నుంచీ అద్దె కొంపలే. ఇల్లు మారిన ప్రతిసారీ బీరువాకి ఒక కాలు విరుగుతుందనీ, ఇప్పుడు అది ఇటుకల మీద నిలబడి ఉందనీ నవ్వుతూ చెప్తుంది. తను నవ్వుతుంది గానీ నాకు నవ్వు రాదు.

ఊళ్ళో వాళ్ళ ఇళ్ళకి విలువ కట్టి బ్యాంకుకి రిపోర్టు రాసిచ్చేదాన్ని, సొంత అక్క ఇంటికి రాయకూడదు. రూలు. దానికి వేరేవాళ్ళు రాస్తారు. అదే చెప్పాను. "నీ రిపోర్టు ఎవడిక్కావాలే? నువ్వు ఊఁ అను, కొంటాం. వద్దను, మానేస్తాం. బావ కూడా అదే అన్నాడు" అంది.

ఇద్దరూ కలిసి నా నెత్తిన పెట్టారు. కూడబెట్టిందంతా దీనికే పోస్తున్నారు. మళ్ళీ ఇంకో ఇల్లు కొనే వయసూ కాదు, ఓపికా లేదు.

ఫిబ్రవరి 11

నక్కతోక తొక్కాను!

మామూలుగా ఒక ఇంటి విలువ తేల్చడానికి, పోలికకి అమ్ముడైన ఇళ్ళు వెతకడం నా ప్రాణం తోడేస్తుంది. పక్కపక్కనే ఉండాలి. ఈమధ్యే అమ్ముడై ఉండాలి. ఇంచుమించు అంతే ఉండాలి. అమ్మినవాడూ కొన్నవాడూ ఒకళ్ళకొకళ్ళు ఏమీ కాకూడదు. ఇద్దరికీ తొందర ఉండకూడదు. ఇవన్నీ కుదిరిన ఇళ్ళు మూడు దొరికితే ఆ రోజు ఆఫీసులో అందరికీ టీ పోయిస్తాను. ఒక్కోసారి నాలుగు వీధులు తిరిగినా ఒక్కటి దొరకదు.

అక్క చూసిన సందులో ఉన్నవే పదకొండు ఇళ్ళు. రెండేళ్ళలో ఆరు అమ్ముడయ్యాయట. రిజిస్ట్రేషన్ ఆఫీసులో చూసి కోతికి కొబ్బరికాయ దొరికినట్టు ఎగిరాను.

మా పెద్దాయనకి చూపించాను. నాకు ఈ పని నేర్పింది ఆయనే. కళ్ళజోడు పైనుంచి చూసి "ఇన్నా?" అన్నాడు.

"మా అక్క అదృష్టం సార్."

"ఊఁ" అని కాగితం వెనక్కిచ్చాడు. ఆయన ఊఁకి అర్థాలు వెతుక్కుంటూ కూర్చుంటే పని సాగదు.

ఫిబ్రవరి 13

ఇల్లు చూశాం. అక్క, బావ, వాళ్ళ కూతురు చిట్టి, నేను.

సందు ఎంత నిశ్శబ్దంగా ఉందో! పిల్లల గోల లేదు, బళ్ళ గోల లేదు. ఒకటి రెండు ఇళ్ళకి తాళాలు. రెండు మూడు ఇళ్ళని గోదాములుగా వాడుకుంటున్నారు, కిటికీల దాకా అట్టపెట్టెలు. "చూడవే, ఎంత హాయిగా ఉందో. ఆదివారం మధ్యాహ్నం పడుకుంటే ఎవడూ లేపడు" అని అక్క మురిసిపోయింది. అక్క పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. పొద్దస్తమానం పిల్లల ఏడుపులే వింటుంది పాపం.

ఇల్లు బాగుంది. నిజంగానే బాగుంది. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. ఇంటాయన మమ్మల్ని కూర్చోమన్నాడు గానీ తను కూర్చోలేదు. గాలి బాగా వస్తుందనీ, వెలుతురు బాగా వస్తుందనీ ఒకటే చెప్పడం. భార్య తన తమ్ముడి ఇంటికి వెళ్ళిందట. వంటింట్లో ఒక్క గిన్నె లేదు. వెళ్ళి చాలా రోజులైనట్టుంది.

బావ డ్రైవింగ్ నేర్పిస్తాడు కదా, గోడలు కూడా బండి బానెట్టు తట్టినట్టు తట్టాడు. "మరదలా, ఇంజిను ఎలా ఉందంటావ్?"

"గేర్లు నువ్వే వేసి చూస్కో బావా" అన్నాను. అందరూ నవ్వారు. ఇంటాయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

చిట్టి పరిగెత్తుకెళ్ళి వెనక గది పట్టేసింది. "ఇది నాది! పిన్నీ, ఇది నాది అని రాసెయ్!" కిటికీలోంచి పక్కింటి పావురాలు కనిపిస్తాయి, అదీ సంగతి.

అన్ని తలుపులకీ కింద చిత్రిక పట్టించారు. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, అందరూ పట్టిస్తారు. నేనూ పట్టించాను. వీళ్ళ వడ్రంగి ఎవడో గానీ చేతకానివాడు. ప్రతి తలుపుకీ ఒక వైపు ఎక్కువ చెక్కాడు, ఒక వైపు తక్కువ.

నా సంచిలో రసమట్టం ఉంది. ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మం దాటగానే దాన్ని తీసి నేల మీద పెట్టి, బుడగ మధ్యలో నిలుస్తుందో లేదో చూడందే నోరు విప్పను. సంచిలో చెయ్యి పెట్టాను. అక్క నా చేతివైపే చూస్తోంది. తీయలేదు. ఇవాళ ఉద్యోగం మీద వెళ్ళలేదు కదా, చుట్టంలా వెళ్ళాను.

ఫిబ్రవరి 15

ఆరింటి లెక్కా తేల్చాను.

పత్రంలో రాసే ధర వేరు, నిజంగా పలికిన ధర వేరు. కాబట్టి కాగితం చూస్తే చాలదు, మనిషిని అడగాలి. ఆ సందులో అమ్మకాలన్నీ చేయించింది ఒకే బ్రోకరు. నేను పెట్టుకున్న పేరు పంచదార. మాట్లాడుతుంటే చీమలు పడతాయేమో అనిపిస్తుంది. పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టే అని తెలుసు, కానీ మరెవరున్నారు?

మూడు ఇళ్ళు మంచి ధరకి పోయాయి. మూడు మరీ చవగ్గా పోయాయి, దాదాపు సగానికి. ఆ చవక మూడింటికీ పంచదార కారణాలు చెప్పాడు. చివరి ఇల్లు టీచరమ్మది. భర్త పోయాడు, ఒంటరి మనిషి, అమ్ముకుని వెళ్ళిపోయింది. మలుపులోది అన్నదమ్ములది. తగాదా పడి తెగనమ్మారు. మూడోది ఒక ఉద్యోగిది. దూరంగా బదిలీ అయింది.

చావు, తగాదా, బదిలీ. మూడూ కంగారు అమ్మకాలే. కంగారులో అమ్మిన ధర ఇంటి ధర కాదు, అమ్మినవాడి అవసరం ధర. దాన్ని పోలికకి తీసుకోకూడదు. నేను పెట్టిన రూలేం కాదు, ఈ పనిలో ఓనమాలు అవి. మూడూ కొట్టేశాను.

మిగిలిన మూడింటితో చూస్తే అక్కకి చెప్పిన ధర సబబే. ఒక పిసరు తక్కువే.

ఫోన్ చేసి "ధర బాగానే ఉందే" అన్నాను. అవతల కేక. "ఏమండోయ్, ఊఁ అందండీ! మా చెల్లి ఊఁ అంది!" సాయంత్రానికల్లా బావ వెళ్ళి బయానా ఇచ్చొచ్చాడు.

ఫిబ్రవరి 16

నా నోటి వెంట ఒక మంచిమాట వస్తే మనుషులు ఇంత సంతోషిస్తారా? పొద్దుట్నుంచీ కూనిరాగం తీస్తున్నాను.

ఫిబ్రవరి 20

పెద్దాయన పనిలేక అడిగాడు. "ఆ మంచి ధరకి పోయినవి కొన్నదెవరమ్మా?"

చూశాను. ఒకటి మామ అల్లుడికి అమ్మింది. ఇంకోటి కొన్నది పంచదార బావమరిది. ఇవీ పనికిరావు. కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మారితే అమ్మకమవుతుందా? ఎంతైనా రాసుకోవచ్చు.

నాకెందుకు ముందే తట్టలేదు? తట్టలేదు, అంతే. పని ఎక్కువగా ఉంది ఈ నెల.

ఇంకొకటి మిగిలింది. అక్క ఇంటికి ఎదురిల్లు. బయటివాళ్ళ మధ్య జరిగింది, తొందర లేదు, పోయినేడే.

ఫిబ్రవరి 22

ఎదురింటికి వెళ్ళాను. తాళం. గేటు లోపల నడుమెత్తు గడ్డి. తలుపు మీద అతికించిన మీటరు రీడింగు కాగితాలు ఎండకి తెల్లబడిపోయాయి.

సందు మొదట్లో ఒక దర్జీ ఉన్నాడు. ఆయన్ని అడిగాను. "ఉన్నారమ్మా, మూణ్ణెల్లున్నారు. తర్వాత లారీ వచ్చింది" అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. ఎందుకు వెళ్ళారంటే, "నాదిక్కడ అద్దె కొట్టు తల్లీ. ఇంటివాళ్ళ సంగతులు నాకెందుకు?" అన్నాడు.

నంబరు సంపాదించి కొన్నాయనకి ఫోన్ చేశాను.

"మీరు కొన్న ధర నిజమైనదేనాండీ?"

"నిజమైనదే. పైసా తేడా లేదు. అంతా పోసి కొన్నాం." ఆపైన తనే అడిగాడు. "మీరు అక్కడ ఇల్లు కొంటున్నారా?"

"మావాళ్ళు చూస్తున్నారు."

వెనకాల ఎవరో ఆడమనిషి "ఎవరు?" అంటోంది. అప్పుడు ఆయన గొంతు మారిపోయింది. "మాది కూడా అమ్మకానికే ఉందండి. ఎదురుగానే. మావాళ్ళు అంటున్నారు కదా, ఇది కూడా ఒకసారి చూపించకూడదూ? బాగుంటుంది. గాలీ వెలుతురూ బాగా వస్తాయి."

పెట్టేశాను. ఎందుకో తెలీదు. మర్యాదగానే మాట్లాడాడు పాపం.

ఫిబ్రవరి 23

ఒక్కటైనా నికరమైన అమ్మకం. ఒక్కటి చాలు.

ఫిబ్రవరి 24

ఒక్కటి చాలదు. నా కింద పనిచేసేవాళ్ళు ఎవరైనా ఒకే ఒక్క ఇల్లు చూపించి విలువ కట్టుకొస్తే కాగితం మొహాన కొడతాను.

ఫిబ్రవరి 26

టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఊరికే. కొట్టేసిన ఇల్లు సరిగ్గానే కొట్టేశానా అని ఒకసారి రూఢి చేసుకుందామని. అంతకంటే ఏం లేదు.

చెల్లెలితో కలిసి ఒక అపార్టుమెంటులో అద్దెకి ఉంటోంది. నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేసింది. రిటైరై ఎన్నేళ్ళయినా గొంతులో క్లాసురూము పోలేదు. ఏదడిగినా ముందు నా ప్రశ్న సరిదిద్ది, తర్వాత జవాబు చెప్తుంది.

"మీ ఆయన పోయాక ఆ ఇంట్లో ఉండలేక అమ్మేశారట కదండీ."

"ఎవరు చెప్పారు? అమ్మినప్పుడు ఆయన గుండ్రాయిలా ఉన్నారు. బేరం ఆడింది ఆయనే, సంతకం పెట్టింది ఆయనే. పోయింది ఇక్కడికి వచ్చాక. వరస తప్పు చెప్తున్నావమ్మాయ్."

నేను రాసుకున్న మొదటి కారణం పోయింది.

"మరి అంత తక్కువకి ఎందుకిచ్చేశారు?"

"నిజం చెప్పి అమ్మాం. నిజం చెప్పాక ఆమాత్రం రావడమే గొప్ప. కొన్నతను గోదాము కోసం కొన్నాడు. మనుషులు పడుకోరుగా, పరవాలేదులెండి అన్నాడు."

ఏం నిజమో అడక్కుండానే చెప్పింది. అదంతా ఒకప్పుడు రాళ్ళు తవ్విన గొయ్యట. తవ్వడం అయిపోయాక ఊళ్ళో చెత్తంతా పోసి పూడ్చి, పైన ఎర్రమట్టి పరిచి ప్లాట్లు వేశారు. మొదట్లో బాగానే ఉంది. తర్వాత తలుపులు పట్టేయడం మొదలైంది. చెక్కించారు. మళ్ళీ పట్టాయి. మళ్ళీ చెక్కించారు. "ఒక మధ్యాహ్నం కింద చాపేసుకుని పడుకున్నాను. నేల కింద ఎవరో బరువైన గోనెసంచి ఈడ్చుకుంటూ పోతున్నట్టు చప్పుడు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. లేచి ఆయనకి చెప్పాను. ఆయన అప్పటికే రెండుసార్లు విన్నారట, నేను భయపడతానని చెప్పలేదు."

"అన్నదమ్ముల ఇల్లు మరి? తగాదా..."

"తగాదాయే. వీధంతా విన్నాం. ఉన్నది చెప్పి అమ్ముదామని తమ్ముడు, నోరు మూసుకుని అమ్ముదామని అన్న. చివరికి తమ్ముడే నెగ్గాడు. బంగారంలాంటి పిల్లాడు."

బదిలీ ఆయన సంగతి అడగాలా? అడిగాను. "అయింది కాదు, చేయించుకున్నాడు. ఆ ఇంట్లోంచి పెళ్ళాంపిల్లల్ని తీసుకుపోవడానికి వాళ్ళ పైఆఫీసరు కాళ్ళు పట్టుకున్నాడు."

చావు, తగాదా, బదిలీ. మూడూ తలకిందులు. కంగారు వల్ల ధర పడలేదు. నిజం చెప్పడం వల్ల పడింది. ఆరింట్లో నికరమైన అమ్మకాలు మూడంటే మూడు. ఆ మూడే ఏరి ఏరి అవతల పారేశాను, రూలు ప్రకారం. ఎదురింటాయన మోసపోయి కొన్న ధరని నికరమైనదని నెత్తిన పెట్టుకున్నాను.

"గొయ్యి ఎక్కడిదాకా ఉందండీ? సందు నడిమిదాకా వస్తుందా?"

"నేల లోపల గీత గీసి ఉంటుందా తల్లీ? ఎవరికి తెలుసు. నడిమిల్లు ఎవరైనా కొంటున్నారా?"

"ఎవరో... ఒక పార్టీ" అన్నాను.

నా తోడబుట్టినదాన్ని పార్టీ అన్నాను. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది.

ఎల్లుండే రిజిస్ట్రేషన్. రేపు వెళ్ళి చెప్పేస్తాను. బయానా పోతే పోయింది.

ఫిబ్రవరి 27

వెళ్ళాను. చెప్పలేదు.

ఇల్లంతా అట్టపెట్టెలు. అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు చెప్పేశారట, వచ్చేవాళ్ళు కూడా కుదిరిపోయారు. చిట్టి తన పెట్టె మీద తనే "వెనక గది" అని రాసుకుంది, కింద ఒక పావురం బొమ్మ. బావ బీరువాకి కాళ్ళు వేయించాడు. నాలుగూ కొత్తవి.

అక్క నా మొహం చూసి చేతిలో పని ఆపేసింది. "ఏమైందే? ఇల్లు గురించి ఏమన్నా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు. ఏమీ అనుకోను, ఒట్టు."

ఇంత తిన్నగా అడుగుతుందని అనుకోలేదు. మూతి విరిచాననీ, ఏడుస్తున్నాననీ దెప్పుతుందనుకుని దానికి సిద్ధపడి వెళ్ళాను. దెప్పి ఉంటే చెప్పేసేదాన్నేమో.

"ఏం లేదు. తలనొప్పి."

"నీకు ఇల్లు చూస్తే తలనొప్పి, చూడకపోతే తలనొప్పి" అని మాత్ర తెచ్చిచ్చింది. వేసుకున్నాను.

నిజానికి ఏముందని చెప్పాలి? టీచరమ్మది చివరి ఇల్లు. అక్కది నడిమిది. గొయ్యి అక్కడిదాకా ఉందని ఎవరన్నారు? నేను కొలవలేదు. కొలవనిదాని గురించి నోరు విప్పకూడదు. ఇదీ రూలే.

ఫిబ్రవరి 28

అయిపోయింది.

మార్చి 14

ఇల్లు సర్దుకున్నారు. అంతా బాగుంది. అక్క నన్ను ప్రతి గదికీ చెయ్యి పట్టుకుని తిప్పింది, నేనెప్పుడూ చూడనట్టు. బావ నేలకేసి కాలు కొట్టి "టాప్ గేర్ మరదలా" అన్నాడు. గభాలున గుమ్మంలోకి జరిగాను.

ఏప్రిల్ 2

అంతా బాగుంది. ఎవరూ ఏమీ అనలేదు.

మే 17

అక్క నిష్ఠూరం. "మా ఇంటికి రావడం మానేశావేంటే? అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆదివారం ఆదివారం ఊడిపడేదానివి. సొంతిల్లు కొనుక్కుంటే కళ్ళు కుట్టాయా?"

అవునన్నాను. అలా అనుకుంటేనే నయం.

జూన్ 19

నాలుగు రోజులుగా వాన.

అక్క ఫోన్. వెనక గది తలుపు పడటం లేదట. "చెక్క ఉబ్బింది కదూ?"

"ఆఁ. వానలు కదా."

"నీకు తెలిసిన వడ్రంగి ఉన్నాడుగా, పంపించవే."

పంపించాను. మధ్యాహ్నం అతను నాకు ఫోన్ చేశాడు. "అమ్మా, చెక్క ఉబ్బలేదు. ద్వారబంధమే ఒరిగింది. ఇంటామెకి చెప్పమంటారా?"

"వద్దు. తలుపు పడేలా చెక్కేసి వచ్చెయ్."

"ఇదివరకే చాలా చెక్కేశారమ్మా దీన్ని."

"ఇంకాస్త చెక్కు."

చెక్కాడు. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ. ఇల్లు అమ్మినాయన చేయించిన పనే నేనూ చేయించాను. ఆయన్ని ఇన్నాళ్ళూ మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో.

జూలై 3

చిట్టి ఫోన్లో: "పిన్నీ, మా గదిలో బంతి పెడితే అదే వెళ్ళిపోతోంది! మంచం కిందకి. నేను తోయట్లేదు, నిజంగా! ఎన్నిసార్లు పెట్టినా అక్కడికే పోతుంది. మా ఫ్రెండ్సందరికీ చూపించాను."

పకపకా నవ్వుతోంది. నేనూ నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలీదు.

జూలై 4

ఎవరైనా ఇంజనీరుని మామూలుగా చూసిపొమ్మని పంపిస్తే? ఏమని పంపను? ఎందుకు పంపావంటే ఏం చెప్పను?

జూలై 5

రేపు.

జూలై 8

రేపు తప్పకుండా. వాన తగ్గాక.

జూలై 14

వాన తగ్గలేదు. ఇవాళ ఆదివారం. వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఇప్పుడు ఈ మాట అన్నా నమ్మేవాళ్ళు లేరు, కానీ చెప్పేద్దామనే వెళ్ళాను.

బావ క్లాసుకి వెళ్ళాడు. అక్క ముందుగదిలో దండెం కట్టి తడిబట్టలు ఆరేస్తోంది. చిట్టి వెనక గదిలో నిద్రపోతోంది. తలుపు ఓరగా ఉంది, పూర్తిగా మూసుకోవడం లేదు. మాట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీక టీ తాగుతూ కూర్చున్నాను. అంతలో నా ఫోన్ మోగింది.

ఇంకో బ్యాంకుకి విలువలు కట్టే ఆయన. మంచివాడే. అప్పుడప్పుడు ఒకరికొకరం పోలిక ఇళ్ళు చెప్పుకుంటుంటాం. "మేడం, మీ అక్కగారి సందులోనే ఉన్నాను. వాళ్ళ ఎదురిల్లు ఎవరో కొంటున్నారు. పోలికకి చూస్తే మీ అక్కగారి అమ్మకం దొరికింది. ఎంత చక్కగా ఉందండీ! కొత్తది, బయటివాళ్ళ మధ్య జరిగింది, ఎవరికీ తొందర లేదు. పైగా మీరు చూసి కొనిపించిందట కదా. ఇక అడగాల్సిన పనేముంది? నికరమైనదే అని ఒక్క మాట అనండి, రాసేసుకుంటాను."

ఊఁ అంటే చాలు. ఒక్క అక్షరం. అక్క ఇంటి విలువ నిలబడుతుంది, నా గుట్టు నిలబడుతుంది. ఊఁ అనబోయాను. నిజంగానే నోటిదాకా వచ్చింది.

"కొనేవాళ్ళకి పిల్లలున్నారా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలీదు. మా పనిలో ఆ ప్రశ్న లేదు.

"ఇద్దరనుకుంటానండీ. ఏం?"

"రాయకండి. అది నికరమైన అమ్మకం కాదు. కొన్నవాళ్ళకి నిజం చెప్పలేదు. ఆ నేల పూడ్చిన గొయ్యి. చవగ్గా పోయిన మూడిళ్ళున్నాయి చూడండి, అవి రాసుకోండి. నికరమైనవి అవే."

చెప్పేసి ఫోన్ పెట్టేసి తలెత్తాను. అక్క చేతిలో చిట్టి గౌను, సగం పిండింది, నీళ్ళు కారుతున్నాయి.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"రిజిస్ట్రేషన్‌కి ముందు నుంచి."

"నేనడిగాను కదే. ఏమన్నా ఉంటే చెప్పమని అడిగాను కదే నిన్ను."

"అడిగావు."

"ఒట్టు కూడా పెట్టాను."

"పెట్టావక్కా."

గౌను దండెం మీద వేసింది. ముడతలు సరిచేసింది. తర్వాత వెనక గదిలోకి వెళ్ళి నిద్రపోతున్న పిల్లని ఎత్తుకొచ్చి ముందుగదిలో పడుకోబెట్టబోయి ఆగిపోయింది. నడిగదిలోకి వెళ్ళింది. అక్కడా ఆగిపోయింది. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. చిట్టికి పదేళ్ళు దాటాయి, ఎత్తుకుని అంతసేపు తిరిగే బరువు కాదు.

"ఇళ్ళు చూసేదానివి కదా" అంది రొప్పుతూ. "చెప్పు. పిల్లని ఏ గదిలో పడుకోబెట్టను?"

నేను నాలుగువైపులా చూశాను. నిజంగానే చూశాను.

"మా ఇంటికి తీసుకొచ్చెయ్ అక్కా. ఇప్పుడే. బావకి ఫోన్ చేద్దాం. ముందు అక్కడికి పోదాం, తర్వాత నన్ను ఏమైనా చెయ్యి."

అక్క నావైపు చూసిన చూపు నేను ఎరగను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా చూడలేదు.

"నీ మాట నమ్మి ఒక ఇంటికొచ్చాను. మళ్ళీ నీ మాట నమ్మి ఇంకో ఇంటికి రమ్మంటావా?"

పిల్లని భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా వీధిలోకి వెళ్ళి నిలబడింది. చిట్టి లేచి "అమ్మా, తడుస్తున్నాం" అంటోంది. గొడుగు తీసుకుని పరిగెత్తాను. విప్పి వాళ్ళిద్దరి మీదా పట్టాను.

అక్క పక్కకి జరిగింది.